యుద్ధ నేరాలకు దేశంలో చట్టం: ఏ దేశం దారి మనకు నప్పుతుంది?

ఒక సంగతి ఊహించుకోండి. ఎక్కడో విదేశంలో జరిగిన యుద్ధంలో ఖైదీలను చిత్రహింసలు పెట్టి చంపిన సైనికాధికారి ఒకడు మోకాలి ఆపరేషన్ కోసమని శంషాబాద్‌లో దిగాడు. అతని చేతిలో దెబ్బలు తిన్న మనిషి ఒకరు హైదరాబాద్‌లోనే చదువుకుంటున్నారు. గుర్తుపట్టి ఎయిర్‌పోర్టు పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. అక్కడి ఇన్‌స్పెక్టర్ ఏ సెక్షన్ కింద కేసు కట్టాలి?

యుద్ధ నేరాల అంతర్జాతీయ చట్టాన్ని దేశీయ చట్టంలోకి ఎలా తెచ్చుకోవాలన్న చర్చ సెమినార్లలో పెద్ద పెద్ద మాటలతో నడుస్తుంటుంది. నా మటుకు పరీక్ష ఇదొక్కటే. ఒక్కో దేశం పట్టిన దారిని ఈ స్టేషన్ ముందు నిలబెట్టి చూద్దాం. లా విద్యార్థులకు, మూట్ కోర్టుకు తయారయ్యేవాళ్లకు, ఎంపీల దగ్గర బిల్లుల పని చేసే కుర్రాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఒప్పందం ఉండగా చట్టం ఎందుకు?

నాలుగు జెనీవా ఒప్పందాలు 1949 నాటివి. భారత్ 1950లోనే ఆమోదించింది. కావాలని చంపడం, చిత్రహింసలు పెట్టడం లాంటి తీవ్ర ఉల్లంఘనకు పాల్పడినవాడు దొరికితే విచారించు, లేదంటే విచారించే దేశానికి అప్పగించు అని నాలుగింటిలోనూ ఉంది. పౌరుల రక్షణకు సంబంధించిన నాలుగో ఒప్పందంలో అది 146వ ఆర్టికల్. అయినా ఒప్పందం చదివి మన సెషన్స్ జడ్జి ఎవరినీ జైలుకు పంపలేరు. రాజ్యాంగం 253వ ఆర్టికల్ కింద పార్లమెంటు చట్టం చేస్తేనే అది కోర్టు గడప తొక్కుతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో సెనెగల్‌ను చూసి తెలుసుకోవాలి. చాద్ మాజీ నియంత హిస్సేన్ హబ్రే 1990లో పదవి పోగొట్టుకుని సెనెగల్ రాజధాని డకార్‌కు పారిపోయాడు. బాధితులు 2000లో అక్కడే కేసు పెట్టారు. చిత్రహింసల నిరోధ ఒప్పందాన్ని సెనెగల్ 1986లోనే ఆమోదించింది. కానీ విదేశంలో విదేశీయుడు చేసిన చిత్రహింసలను విచారించే దేశీయ చట్టం లేదంటూ అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2001లో కేసు కొట్టేసింది. 2007లో చట్టం మార్చారు. పాత నేరాలకు కొత్త చట్టం వర్తింపజేయకూడదని పశ్చిమాఫ్రికా దేశాల ప్రాంతీయ కోర్టు 2010లో అడ్డుపడింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2012లో గట్టిగా చెప్పాక, ఆఫ్రికన్ యూనియన్‌తో కలిసి ప్రత్యేక కోర్టు పెట్టి, 2016లో యావజ్జీవ శిక్ష వేశారు. సకాలంలో నాలుగు సెక్షన్లు రాసుకోని పాపానికి బాధితులు పదహారేళ్లు తిరిగారు.

మొదటి దారి: ఉన్న శిక్షాస్మృతితో సరిపెట్టుకోవడం

హత్య హత్యే కదా, యుద్ధంలో జరిగితే మాత్రం కొత్త పేరెందుకు అన్నది ఈ దారి వాదన. తీసిపారేయదగ్గది కాదు. వియత్నాంలోని మైలాయ్‌లో ఊరి జనాన్ని చంపిన కేసులో అమెరికా లెఫ్టినెంట్ విలియం కాలీకి 1971లో శిక్ష పడింది సైనిక చట్టంలోని మామూలు హత్యా నేరం కిందే. హత్య అంటే ఏమిటో జడ్జికి కొత్తగా చెప్పక్కర్లేదు, తీర్పుల దన్ను బోలెడంత ఉంటుంది.

నార్వేలో ఇదే ఆపద్ధర్మంగా ఆదుకుంది. బోస్నియాలో 1992లో నిర్బంధ శిబిరం నడిపినవాళ్లలో ఒకడైన మిర్సాద్ రేపక్ మీద, 2008లో వచ్చిన కొత్త యుద్ధ నేరాల సెక్షన్ల కింద కేసు నడిపారు. చట్టం పుట్టకముందు చేసిన పనికి అది చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. అయినా పాత శిక్షాస్మృతిలోని అక్రమ నిర్బంధం సెక్షన్ ఉంది కాబట్టి మనిషి తప్పించుకోలేకపోయాడు.

ఇప్పుడు శంషాబాద్ సంగతి. భారతీయ న్యాయ సంహిత దేశం వెలుపల వర్తించేది మన పౌరులకు, మన దగ్గర రిజిస్టరైన ఓడలు, విమానాల మీదున్నవాళ్లకు, ఇక్కడి కంప్యూటర్లను గురిపెట్టినవాళ్లకు. విదేశంలో విదేశీయుడిని చంపిన విదేశీయుడు ఈ లెక్కలోకి రాడు. ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు తీసుకుని పక్కన పెట్టాల్సిందే.

మన పౌరుడే నేరం చేస్తే సంహిత పనిచేస్తుంది. ఇది ఊహకు పరిమితమైన సంగతేమీ కాదు. ఉద్యోగమని ఏజెంట్లు నమ్మిస్తే వెళ్లి రష్యా సైన్యంలో తేలిన భారతీయుల్లో మన తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు; హైదరాబాద్ వాసి ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయమే ధ్రువీకరించింది. అలాంటి యుద్ధంలో మనవాడు నేరానికి బలైతే ఒక చట్టం, మనవాడే నేరం చేస్తే ఇంకో చట్టం చూడాలి. రెండో సందర్భంలో సంహిత ఉంది, విచారణకు మాత్రం కేంద్రం అనుమతి కావాలి.

ఈ దారిలో ఇంకో పెద్ద లోటు ఉంది. మూకుమ్మడి నేరాన్ని మామూలు సెక్షన్లు ముక్కలు ముక్కలు చేసేస్తాయి. 1984 సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం వేస్తూ ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో ఇదే ఎత్తిచూపింది: మానవాళిపై నేరాలు (పౌర జనం మీద పెద్ద ఎత్తున సాగే దాడిలో భాగంగా చేసే హత్యలు, చిత్రహింసల లాంటివి), జాతి నిర్మూలన మన నేర చట్టంలో లేవు, ఈ లొసుగును వెంటనే సరిచేయాలి అని. జాతి నిర్మూలన ఒప్పందాన్ని మనం 1959లో ఆమోదించాం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఆ పేర్లు లేవు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడైనా ఆ గది వేసి ఉండాల్సింది.

రెండో దారి: ఒప్పందాన్ని వేలెత్తి చూపి వదిలేయడం

మనది ఇదే. జెనీవా ఒప్పందాల చట్టం, 1960. బ్రిటన్ 1957 చట్టం పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నాలుగు ఒప్పందాలనూ షెడ్యూళ్లుగా అతికించి, వాటిలో తీవ్ర ఉల్లంఘన అన్నదల్లా నేరమని 3వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందాల రక్షణ ఉన్న మనిషిని కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం. మిగతావాటికి 14 ఏళ్ల దాకా జైలు. నేరస్తుడు ఏ దేశస్తుడైనా, నేరం ఎక్కడ జరిగినా సరే. 4వ సెక్షన్ ప్రకారం మనిషి ఎక్కడ దొరికితే నేరం అక్కడే జరిగినట్టు లెక్క. చీఫ్ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేట్ కోర్టు లేదా సెషన్స్ కోర్టుకు తక్కువ కాని కోర్టులో విచారణ.

అంటే శంషాబాద్‌లో దొరికినవాడిని రంగారెడ్డి జిల్లా కోర్టులో నిలబెట్టే చట్టం అరవై ఏళ్ల పైనుంచీ మన దగ్గర ఉంది! చాలామంది లాయర్లకే ఈ సంగతి తెలియదు. శిక్ష ఏడేళ్లకు మించినది కాబట్టి ఇన్‌స్పెక్టర్ ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు కూడా చేయొచ్చు.

అక్కడి నుంచే చిక్కులు మొదలవుతాయి. తీవ్ర ఉల్లంఘనల జాబితా దేశాల మధ్య యుద్ధాలకే వర్తిస్తుంది. అతను సిరియా, మయన్మార్ లాంటి అంతర్యుద్ధంలో చేసి వచ్చినవాడైతే ఈ చట్టం అందుకోలేదు. అంతర్యుద్ధాల గురించి చెప్పే 3వ ఆర్టికల్ నాలుగు ఒప్పందాల్లోనూ ఉమ్మడిగా ఉంది గానీ, దాని ఉల్లంఘనను మన చట్టం నేరం చేయలేదు. ఆ జాబితా 1949 దగ్గరే ఆగిపోయింది కూడా. అత్యాచారం పేరు అందులో లేదు, అమానుష ప్రవర్తన కింద లాగాలి. పౌరుల మీద గురిపెట్టి దాడి చేయడం తీవ్ర ఉల్లంఘన అయ్యింది 1977 మొదటి అదనపు ప్రోటోకాల్‌తో. అందులో మనం చేరలేదు. చిన్నపిల్లల చేతికి తుపాకులివ్వడం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును పుట్టించిన 1998 రోమ్ శాసనంలో ఉంది, అందులోనూ చేరలేదు.

అన్నిటికన్నా పెద్ద తాళం 17వ సెక్షన్. ప్రభుత్వం గానీ, కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కాగ్నిజెన్స్ తీసుకోకూడదు, అంటే కేసును విచారణకు స్వీకరించకూడదు. ఎఫ్ఐఆర్ కట్టినా, చార్జిషీటు వేసినా కోర్టు ముట్టుకోదు. బాధితుడు ప్రైవేటు కంప్లయింట్ వేసినా అంతే. సుప్రీంకోర్టు కూడా 1969లో గోవా క్యాథలిక్ ఫాదర్ మోంటీరో కేసులో ఈ చట్టం పరిమితిని కుండబద్దలు కొట్టింది: ఉల్లంఘనలకు శిక్షలు పెట్టడం ద్వారా పరోక్షంగా రక్షణ ఇస్తుందే తప్ప, కోర్టుకెళ్లి అడిగే హక్కు ఎవరికీ ఇవ్వదని.

ఈ చట్టంలో రోజూ మన కళ్ల ముందే ఉల్లంఘన జరిగే సెక్షన్ ఒకటుంది. తెల్లటి మీద ఎర్ర క్రాస్ గుర్తును అనుమతి లేకుండా వాడకూడదు. మందుల షాపు బోర్డు, డాక్టరు గారి కారు అద్దం, ప్రైవేటు అంబులెన్సు: ఎక్కడ చూసినా అదే. జరిమానా 500 రూపాయల దాకా. ఆ అంకె 1960లో ఎంత భయపెట్టిందో గానీ, ఇప్పుడు సైన్‌బోర్డు పెయింటరు కూలికి కూడా చాలదు.

ఇదే దారిలో నడిచిన మిగతావాళ్ల అనుభవం మిశ్రమం. ఉక్రెయిన్ శిక్షాస్మృతి 438వ ఆర్టికల్ యుద్ధ నియమాలు, ఆచారాల ఉల్లంఘన అంటూ క్లుప్తంగా ఒప్పందాలకు వదిలేస్తుంది. 2022 మే నెలలో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, నిరాయుధుడైన పౌరుణ్ణి కాల్చిన రష్యన్ సార్జెంట్ షిషిమారిన్‌కు దానితోనే యావజ్జీవం వేశారు, అప్పీల్లో 15 ఏళ్లకు తగ్గించారు. చేతిలో ఉన్న క్లుప్తమైన సెక్షన్ కూడా వేగంగా పనిచేయగలదన్నమాట. అయినా పై అధికారుల బాధ్యత, మానవాళిపై నేరాలు అందులో ఇమడలేదు. 2024లో రోమ్ శాసనాన్ని ఆమోదిస్తూ ఉక్రెయిన్ వాటిని విడిగా చేర్చుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ 2001లో రోమ్ శాసనం ఆర్టికల్స్‌నే షెడ్యూలుగా పెట్టి కొత్త చట్టం చేసుకుంది. ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సైన్యం నిర్బంధంలో హోటల్ ఉద్యోగి బహా మూసా చనిపోయిన కేసులో కార్పొరల్ డోనాల్డ్ పేన్ ఆ చట్టం కింద అమానుష ప్రవర్తనకు నేరం ఒప్పుకున్నాడు. శిక్ష ఒక్క ఏడాది.

కెనడాది ఇంకో మెట్టు. 2000 నాటి చట్టంలో నేరం నిర్వచనాన్ని ఆచార అంతర్జాతీయ చట్టానికే, అంటే దేశాలు బాధ్యతగా పాటిస్తూ రాగా ఏర్పడిన నియమాలకే ముడిపెట్టారు. అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. రువాండా మారణకాండలో చేసిన నేరాలకు మున్యనేజా అనే వ్యక్తికి 2009లో శిక్ష పడింది ఆ చట్టం కిందే. వినడానికి బాగుంటుంది, మన దగ్గర మాత్రం తేడా కొడుతుంది. నేరం జరిగేనాటికి అమల్లో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తేనే శిక్ష అంటుంది మన రాజ్యాంగం 20వ ఆర్టికల్ మొదటి క్లాజు. ఆచారం అంటే ఏ తేదీన, ఏ పుస్తకంలో ఉందని డిఫెన్సు లాయరు అడిగితే కేసు అక్కడే ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

మూడో దారి: నేరాలన్నీ విడమరచి రాసుకున్న సంహిత

జర్మనీ 2002 జూన్ 30న అంతర్జాతీయ నేరాల సంహితను అమల్లోకి తెచ్చింది. రోమ్ శాసనాన్ని ఎత్తి రాయకుండా, తమ నేర చట్టం భాషలో, తమ కోర్టులకు అలవాటైన నిర్మాణంలో ప్రతి నేరాన్నీ తిరగరాసుకున్నారు. దేశాల మధ్య యుద్ధమా, అంతర్యుద్ధమా అన్న గోడను వీలైనచోటల్లా తీసేశారు. ఘోర నేరాలకు జర్మనీతో సంబంధం ఉండాలన్న షరతు లేదు.

ఫలితం జర్మనీలోని కోబ్లెంజ్ నగర కోర్టులో కనిపించింది. అన్వర్ రస్లాన్ డమాస్కస్‌లోని ఒక గూఢచారి విభాగం నిర్బంధ కేంద్రంలో దర్యాప్తుల అధిపతి, కల్నల్. 2014లో జర్మనీకి శరణార్థిగా వచ్చాడు. తననెవరో వెంబడిస్తున్నారని బెర్లిన్ పోలీసుల దగ్గరకు తానే వెళ్లి, తన పాత ఉద్యోగం సంగతి తానే చెప్పాడు! 2019లో అరెస్టు, 2020లో విచారణ మొదలు, 2022 జనవరి 13న మానవాళిపై నేరాలకు యావజ్జీవం. మన 1960 చట్టం కింద ఇదే మనిషిని కదిలించలేం: జరిగింది సిరియా లోపల, సొంత జనం మీద.

అయితే సంహిత ఒక్కటే ఈ పని చేయలేదు. సిరియా మీద జర్మనీ ఫెడరల్ ప్రాసిక్యూటరు 2011 నుంచే, నిందితుడెవరో తెలియకముందే, వాంగ్మూలాలు కూడబెట్టడం మొదలుపెట్టారు. ఫెడరల్ పోలీసుల్లో దీనికి విడిగా బృందం ఉంది. ఇంత చేసినా ఒక దగ్గర తడబడ్డారు. విచారణ జర్మన్‌లో నడుస్తుంటే చూడ్డానికొచ్చిన సిరియన్లకు ఏమీ అర్థం కాలేదు. గుర్తింపు ఉన్న అరబిక్ విలేకరులకైనా అనువాదం వినిపించాలని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది.

సంహితకు ఖర్చుంది. ముసాయిదాకు ఏళ్లు పడుతుంది, నిర్వచనాలు మారినప్పుడల్లా సవరించాలి. విడి చట్టం బదులు శిక్షాస్మృతిలోనే ఒక అధ్యాయం చేర్చినా పనవుతుంది, నార్వే అదే చేసింది.

నాలుగో దారి: నేరమూ కోర్టూ ఒకే చట్టంలో

బంగ్లాదేశ్ 1973లో అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్ చట్టం చేసినప్పుడు ప్రపంచంలో అలాంటివి దాదాపు లేవు. అప్పుడు వాళ్ల గురి 1971 యుద్ధంలో పట్టుబడ్డ 195 మంది పాకిస్తానీ యుద్ధఖైదీల మీద. ఖైదీలు ఉన్నది మన దేశంలో. అప్పగించకుండా ఆపమని పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి కూడా వెళ్లింది. చివరికి 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాలూ రాజీపడి అందరినీ ఇంటికి పంపేశాయి. చట్టం మూలనపడింది.

2010లో షేక్ హసీనా ప్రభుత్వం దుమ్ము దులిపి ట్రిబ్యునల్ పెట్టింది. 2013 ఫిబ్రవరిలో 1971 నాటి నేరాలకు జమాతే ఇస్లామీ నేత అబ్దుల్ ఖాదర్ మొల్లాకు యావజ్జీవం పడితే, చాలదని ఢాకా షాబాగ్‌లో జనం రోడ్డెక్కారు. శిక్ష పెంచమని ప్రభుత్వం అప్పీలు చేసుకునేలా ఆ నెలలోనే చట్టం సవరించారు, అప్పీల్లో ఉరి వేశారు, డిసెంబరులో అమలైంది. 2025 నవంబరులో అదే ట్రిబ్యునల్ హసీనాకే ఆమె పరోక్షంలో మరణశిక్ష విధించింది. నేరాలకు ప్రత్యేక కోర్టు కట్టేవాళ్లు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. నేను ఈ దారికి ఓటు వేయను. మామూలు సెషన్స్ కోర్టు, మామూలు అప్పీలు ఉన్నచోట వాటినే వాడుకోవాలి.

నిర్వచనాల కన్నా ముందు చూడాల్సినవి

బిల్లు చేతికొస్తే అందరూ నేరాల జాబితా మీద పడతారు. నేనైతే మొదట తలుపు ఎవరి చేతిలో ఉందో చూస్తాను. బెల్జియం 1993లో తలుపులు బార్లా తెరిచింది. బాధితులు నేరుగా కేసులు వేసుకోవచ్చు. రువాండా నిందితులు నలుగురికి 2001లో శిక్ష పడింది, అంతవరకూ భేష్. తర్వాత దేశాధినేతల మీద, అమెరికా నాయకుల మీద ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. నాటో ప్రధాన కార్యాలయం బ్రస్సెల్స్‌లో ఉండాలా అని అప్పటి అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ బెదిరించాడు. 2003 ఆగస్టుకల్లా ఆ చట్టం రద్దయింది. అటు బెల్జియం, ఇటు మన 17వ సెక్షన్, మధ్యలో జర్మనీ. ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, కానీ జర్మనీతో సంబంధం లేని కేసులను వదిలేసే విచక్షణ ప్రాసిక్యూటరుకు ఉంది. మనకు ఇలాంటి మధ్యేమార్గం కావాలి: అనుమతి కోరిన ఇన్ని నెలల్లో కారణాలతో జవాబివ్వాలి, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లే వీలుండాలి.

రెండోది పై అధికారి బాధ్యత. కింది వాళ్లు చేస్తున్నారని తెలిసీ ఆపని కమాండరును ప్రేరేపణ, కుట్ర సెక్షన్లతో పట్టుకోవడం కష్టం. ఆపకపోవడమే నేరమని విడిగా రాయాలి. మన 1960 చట్టంలో అది లేదు.

మూడోది మరణశిక్ష. మన ప్రభుత్వాలు దీన్ని వదులుకోవు, తెలుసు. కానీ సాక్ష్యాలు, నిందితులు ఉండేది చాలాసార్లు యూరప్‌లో, ఉరిశిక్ష ఉన్న కేసుకు వాళ్లు సహకరించరు. మన ఎక్స్‌ట్రడిషన్ చట్టం 34సీ సెక్షన్‌లో, ఆ నేరానికి మరణశిక్ష లేని దేశం అప్పగించిన వ్యక్తికి యావజ్జీవమే వేయాలని ఇప్పటికే ఉంది. సాక్ష్యాల విషయానికీ ఆ మాట పొడిగిస్తే సరి.

మరి ఏది ఎంచుకోవాలి?

యుద్ధం ముంచుకొచ్చిన చిన్న దేశమైతే రెండో దారే: ఒప్పందాన్ని షెడ్యూలులో పెట్టి రేపే చట్టం చేసుకో, తర్వాత మెరుగుపరుచుకో. మనలాంటి దేశానికి మూడోది, అంటే నేరాలన్నీ మన చట్టం భాషలో రాసుకున్న విడి చట్టం. రోమ్ శాసనంలో చేరితే తప్ప ఇది కుదరదని కొందరంటారు, నిజం కాదు. ఆ కోర్టు పరిధిలోకి వెళ్లకుండానే దాని నిర్వచనాలు వాడుకోవచ్చు. దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు ఇవ్వాలి. 2019 సవరణతో విదేశంలో భారతీయుల మీద జరిగిన నేరాలను చూసే అధికారం దానికి వచ్చింది. పాత తేదీల ఆశ పెట్టుకోకూడదు, 20వ ఆర్టికల్ ఒప్పుకోదు.

ఇక బిల్లు రాస్తున్న కుర్రాళ్లకు. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో నెగ్గిన ప్రైవేటు మెంబర్ బిల్లులు, అంటే మంత్రులు కాని ఎంపీలు పెట్టినవి, 14. ఆఖరిది 1970లో. కాబట్టి నూటయాభై సెక్షన్ల సంహిత కన్నా ముందు, 17వ సెక్షన్ మీద ఒక పార్లమెంటు ప్రశ్న వేయించండి: ఫిర్యాదు చేసే అధికారిగా ఎవరినైనా నోటిఫై చేశారా, చేయకపోతే ఎన్ఐఏ అధిపతిని ఎందుకు చేయకూడదు? దానికి సవరణ అక్కర్లేదు, గెజిట్‌లో ఒక పేజీ చాలు. ఇంకో కిటుకు కూడా ఉంది. ఆ సెక్షన్‌లో ఫిర్యాదు చేయాల్సింది ప్రభుత్వం అని ఉంది, కేంద్ర ప్రభుత్వం అని లేదు. జనరల్ క్లాజుల చట్టం ప్రకారం ప్రభుత్వం అంటే రాష్ట్ర ప్రభుత్వం కూడా. విదేశీ వ్యవహారాలు కేంద్రానివని అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు, అయినా వాదించడానికి చోటుంది. శంషాబాద్ ఫిర్యాదుదారు నా దగ్గరకే వస్తే, ముందు సచివాలయంలో హోంశాఖ కార్యదర్శి పేరిట రిప్రజెంటేషన్ పెట్టిస్తాను, జవాబు రాకపోతే దాని నకలు జతచేసి హైకోర్టులో రిట్ వేస్తాను.